మహారాజశ్రీ 385 సెంటీమీటర్ల వారి దివ్యసముఖానికి

కెనడాలోని బ్రిటిష్ కొలంబియా తీరంలో, మాను వ్యాసం ఇంత ఉంటే రెడ్ సెడార్ చెట్టుని కొట్టకూడదనే ప్రభుత్వ గీతగా, ఏది బతకాలో, ఏది కూలాలో తేల్చే హోదాలో 2020 సెప్టెంబరు నుంచి కొలువుతీరి ఉన్న తమరికి, వాంకూవర్ దీవి నైరుతి లోయల్లో టేపులు పట్టుకుని తిరిగే వాలంటీర్లు వంగి వంగి చేయు నమస్కారములు. ఇక్కడ మేమంతా క్షేమం. తమరూ క్షేమమని తలుస్తాం. మొన్న శనివారం కొలిచిన సెడార్ మాత్రం క్షేమం కాదు. దాని వ్యాసం 379.

ఆరు తక్కువ.

తమరికి లెక్కలు కొట్టినపిండే గానీ, ఈ ఉత్తరం పక్కనుంచి తొంగిచూసేవాళ్ల కోసం చెబుతున్నాం. వ్యాసం టేపు మీద గీతలు మామూలు టేపులా ఉండవు. మాను చుట్టూ 3.14 సెంటీమీటర్లు తిరిగితే అది ఒక సెంటీమీటరు చూపిస్తుంది. తమరి దర్బారులో అడుగు పెట్టాలంటే చుట్టుకొలత 12 మీటర్ల 10 సెంటీమీటర్లు ఉండాలి. మా మానుకి 11 మీటర్ల 91 వచ్చింది. పన్నెండు మీటర్ల నడుముకి లోటు జానెడు కూడా లేదన్నమాట. ఏడాదికి మిల్లీమీటరు మందాన వలయం వేస్తుందనుకున్నా, వ్యాసంలో ఆ ఆరు సెంటీమీటర్లు కూడడానికి ముప్ఫై ఏళ్లు పడుతుంది. నారింజ రంగు రిబ్బన్ల మీద ‘ఫాలింగ్ బౌండరీ’ (చెట్లు కొట్టే హద్దు) అని అచ్చేసి కట్టిపోయినవాళ్లు ముప్ఫై ఏళ్లు ఆగుతారని తమరు అభయమిస్తే, వెళ్లి ఆ మాను చెవిన వేసి వస్తాం.

మన పోలీసు సెలక్షన్లలో కుర్రాళ్లు ఛాతీ కొలిచేటప్పుడు ఊపిరి బిగబట్టి అయిదు సెంటీమీటర్లు రాబడతారు. తమరిదీ ఛాతీ ఎత్తు కొలతే, నేల నుంచి 1.3 మీటర్లు. సెడార్‌కి ఊపిరి బిగబట్టడం చేతకాదు, అదొక్కటే దాని లోపం.

నేల నుంచి అన్నారు, బాగుంది. ఏ నేల? ముప్ఫై డిగ్రీల వాలులో నాలుగు మీటర్ల లావు మాను ఉంటే, దాని ఎగువ మొదలుకీ దిగువ మొదలుకీ రెండు మీటర్లకు పైగా ఎత్తు తేడా. దిగువ నుంచి 1.3 లెక్కపెడితే టేపు వేళ్ల ఉబ్బు మీద పడి అంకె బలుస్తుంది. ఎగువ నుంచి లెక్కపెడితే మాను సన్నబడ్డ చోట పడుతుంది. కలప లెక్క కట్టేవాళ్లు ఎగువ నుంచే కొలుస్తారు కాబట్టి మేమూ ఎగువ నుంచే కొలుస్తాం. ఆ ఎగువ పక్కన వందల ఏళ్లుగా రాలిన రెమ్మలూ బెరడూ పుచ్చుకట్టెలూ కుప్పపడి ఉంటాయి. ఆ కుప్ప మీద నిలబడి కొలిస్తే కొన్ని చోట్ల అర మీటరు పైకి పోతాం. పోయిన మేరా వ్యాసం తరుగుతుంది. అందుకని ముందు చేత్తో తోడి గట్టినేల పట్టుకోవాలి. అక్కడ గుర్తుగా పుల్ల గుచ్చి, దాని మీంచి 1.3 మీటర్ల కర్ర నిలబెట్టాలి.

తర్వాత చుట్టడం. ఒకరు సున్నా కొస పట్టుకుని కదలకుండా నిలబడాలి. ఇంకొకరు సలాల్ పొదల్లోంచీ, డెవిల్స్ క్లబ్ ముళ్లలోంచీ, పడిపోయిన దుంగల మీంచీ టేపుతో తిరిగి రావాలి. మూడో మనిషి దూరంగా నిలబడి టేపు వాలిందో, అటుపక్క జారిందో చూసి కేకెయ్యాలి. మూడో మనిషి లేకపోతే ఆ కొలత నమ్మకండి. నాచు మీంచి చుట్టకూడదు, టేపుని నాచు కిందకి దూర్చాలి. మాను మీదే మొలిచిన హెమ్లాక్ పిల్లమొక్క ఉంటే దాని వెనక నుంచి పోనివ్వాలి. సెడార్ మొదట్లో ఉండే లోతైన మడతల్లోకి టేపుని నొక్కకూడదు, గట్టు నుంచి గట్టుకి బిగువుగా లాగాలి.

ఇప్పుడు అసలు సంగతి వినండి. టేపు వాలితే అంకె పెరుగుతుంది. వేలాడితే పెరుగుతుంది. నాచు మీంచి పోతే పెరుగుతుంది. కిందకి జారితే ఇంకా పెరుగుతుంది. ఎగువ కుప్పని పక్కన పెడితే, చుట్టడంలో దొర్లే తప్పులన్నీ చెట్టుకి మేలు చేసేవే. శ్రద్ధగా, నిజాయితీగా కొలిచినకొద్దీ అది చావుకి దగ్గరవుతుంది. ఇంత అందమైన ఏర్పాటు చేసిన బుర్రకి ఏ శాలువా కప్పాలో మాకు తోచడం లేదు.

మా మానుకి ఒక పక్క బెరడు ఊడిపోయింది కూడా. అది ఉండుంటే మరో సెంటీమీటరో రెండో వచ్చేవి. సరే, అప్పటికీ చాలదనుకోండి.

తమరి బంధువర్గాన్నీ, అంటే మిగతా జాతుల గీతల్నీ, పలకరించకపోతే మర్యాద కాదు. సిట్కా స్ప్రూస్‌కి 283 గారు, డగ్లస్ ఫర్‌కి 270 గారు, ఎల్లో సెడార్‌కి 265 గారు. అందరిలోకీ పెద్దవారు తమరే. మీరంతా పుట్టినప్పుడు గరిష్ఠంగా 1,500 చెట్లకి రక్షణ దొరుకుతుందని ప్రభుత్వం ఘనంగా చాటింది. ఫెయిరీ క్రీక్ దగ్గర ముసలి అడవి కోతలు ఆపాలని రోడ్డుకి అడ్డంగా జనం కూర్చున్నది ఆ ఏడాది ఆగస్టులో, తమరి అవతారం సెప్టెంబరులో. కాకతాళీయమే అయివుంటుంది. ఆ తర్వాత అక్కడ పదకొండు వందలకు పైగా అరెస్టులు జరిగినా తమరు ఒక్క సెంటీమీటరు కూడా తగ్గలేదు, నిబ్బరమంటే అదీ.

కానీ ఒక్కటి అడగాలి. అదే ప్రభుత్వం కలప అమ్మకాల సంస్థ, బీసీ టింబర్ సేల్స్, తీరప్రాంతంలో తన కోతల్లో వదిలేయాల్సిన పెద్ద చెట్లకి అంతకుముందే పెట్టుకున్న గీత రెడ్ సెడార్‌కి మూడు మీటర్లు, డగ్లస్ ఫర్‌కి 2.1 మీటర్లు. అమ్ముకునేవాడి గీత 300, కాపాడే చట్టం గీత 385! మీరు ఎవర్ని కాపాడ్డానికి వచ్చారు?

గీత దాటిన చెట్టు దక్కించుకునేదేమిటో కూడా చూద్దాం. చుట్టూ 56 మీటర్ల వ్యాసార్ధంలో, కొట్టకుండా వదిలే ఒక వృత్తం, దాదాపు ఒక హెక్టారు. కార్మనా లోయలో 1988లో దొరికిన సిట్కా స్ప్రూస్ ఎత్తు దాదాపు 96 మీటర్లు. దాని అదృష్టం, అది పార్కులో ఉంది. అలాంటి చెట్టు మీ వృత్తం మధ్యలో నిలబడి ఒక గాలివానకి కూలిందంటే తల నలభై మీటర్లు అవతల, చెట్లన్నీ నరికేసిన క్లియర్‌కట్‌లో పడుతుంది. కూలదని పూచీ కూడా లేదు. పక్కచెట్ల చాటున పెరిగినదానికి నాలుగు పక్కలా తెరిచేస్తే, పసిఫిక్ మీంచి వచ్చే చలికాలపు గాలులు వృత్తం అంచు చెట్లతో మొదలుపెట్టి లోపలికి పని చేసుకుంటూ పోతాయి. పోర్ట్ రెన్‌ఫ్రూ దగ్గర ‘బిగ్ లోన్లీ డగ్’ (ఒంటరి పెద్ద డగ్లస్) అనే చెట్టుని చూడండి. ఒక ఇంజనీరు దానికి ఆకుపచ్చ రిబ్బను కట్టి వదిలేయమన్నాడు, 2012లో చుట్టూ ఉన్న అడవిని నున్నగా కొట్టేశారు. 66 మీటర్ల డగ్లస్ ఫర్ మోడుల మధ్య ఒంటరిగా నిలబడింది. దాని పేరులోనే ఫిర్యాదు ఉంది. ఆ పేరు చదువుకుని కూడా మీరు పుట్టారు.

ఇక మర్యాద మావల్ల కాదు.

నువ్వు అడవిని కొలవడం లేదు. బొమ్మల కొలువులో పెట్టడానికి బొమ్మల్ని ఏరుతున్నావు. మార్బుల్డ్ మర్రెలెట్ అనే పిట్ట సముద్రంలో చేపలు పట్టుకుని, నాచు దట్టంగా పట్టిన పాత కొమ్మ మీద ఒక్కటంటే ఒక్క గుడ్డు పెడుతుంది. ఆ పిట్టకి కావాల్సింది వెడల్పాటి కొమ్మా, పైన ఆకు నీడా. ఛాతీ ఎత్తులో మాను ఎంత లావో దానికి అనవసరం. ఆ పిట్ట కోసం వాలంటీర్లు సూర్యోదయానికి 45 నిమిషాల ముందు నుంచి 75 నిమిషాల తర్వాత దాకా మెడ పైకెత్తి కూర్చుంటారు. పొగమంచులో పిట్ట కనపడదు కాబట్టి ‘కీర్, కీర్’ అని వినపడ్డ ప్రతి కేకా, నిమిషంతో సహా రాస్తారు. ముసలి అడవిని అంటిపెట్టుకుని బతికే స్పెకిల్‌బెల్లీ లైకెన్ (చెట్ల మీద నాచులా పెరిగేది) దొరికితే చెట్టు పేరు, ఎత్తు, జీపీఎస్ గుర్తు రాసుకుంటారు. ఆ దట్టమైన పైకప్పు కింద జీపీఎస్ పది పదిహేను మీటర్లు తప్పు చెబుతుందని, ఒకే చోట ఆగి చాలా రీడింగులు తీసి సగటు కడతారు. ఆ కాగితాల్లో నీ గడి ఒక్కటే. మిగతా గడులన్నీ నింపి పంపితే, పైవాళ్లు ఆ ఒక్క గడే చూసి ఫైలు మూస్తారు.

నీకు తోడు మ్యాపులు. 2021 నవంబరులో 26 లక్షల హెక్టార్ల ముసలి అడవికి ‘వాయిదా’ ప్రకటించారు. కోతలు రద్దు అనలేదు, వాయిదా అన్నారు. అడవి వయసు మ్యాపుకెక్కేది చాలావరకు విమానం ఫొటోలు చూసి వేసిన అంచనాలతో. తీరంలో 250 ఏళ్లు దాటితే ముసలి అడవి. ఫొటోలో 240 అని తోస్తే మ్యాపులో అది పడుచు అడవే, ఎవరో నడిచి వెళ్లి చూసేదాకా. ఇక లావు సెడార్ల నడుము తరచూ తొర్ర కాబట్టి బోరు దింపి వలయాలు లెక్కపెట్టే దారీ ఉండదు. దాని వయసెంతో కచ్చితంగా తెలియాలంటే అది తొర్ర లేకుండా నిండుగా ఉండాలి, లేదా ఇప్పటికే పడిపోయి ఉండాలి. ఇంకొక ముచ్చట: 1846కి ముందు ఆదివాసులు బెరడు ఒలిచిన మచ్చ ఉంటే సన్నటి సెడార్‌కి కూడా వారసత్వ చట్టం అడ్డుపడుతుంది. చెట్టుతో మనిషికున్న సంబంధాన్ని చూసే చట్టం ఒకటి ఆ రాష్ట్రంలోనే ఉంది, నడుము కొలత అడగకుండా.

ఒక్క విషయంలో నిన్ను ఒప్పుకోవాలి. నువ్వు కనీసం ఒక అంకెవి. వాయిదాని టేపుతో కొలవలేం, హామీని కొలవలేం. నిన్ను కొలవొచ్చు. 390 వచ్చిన రోజున ఆ కాగితం పట్టుకుని ఏ ఆఫీసులోనైనా గొంతు పెంచి మాట్లాడొచ్చు, ఎదుటివాడు ఫైలు తెరవక తప్పదు. అందుకే నిన్ను తిట్టుకుంటూనే టేపు తుడిచి, ఆరబెట్టి, చుట్టి దాచుకుంటాం.

కాబట్టి అడిగేది ఎక్కువేం కాదు. 300కి దిగు. మీ అమ్మకాల సంస్థ దిగగలిగింది, నువ్వెందుకు దిగలేవు? వృత్తాన్ని కనీసం చెట్టు ఎత్తంత చెయ్యి. ఈలోగా ఆ 379 చుట్టూ ఉన్న వాలుని మళ్లీ జల్లెడ పడతాం. 56 మీటర్ల లోపు నీ బంధువు 265 గారి గీత దాటిన ఎల్లో సెడార్ ఒక్కటి దొరికినా, దాని వృత్తంలోకి మా మానుని లాగేస్తాం. నీ నిబంధన ప్రకారమే.

ఇట్లు,
టేపు సున్నా కొస పట్టుకునేవాళ్లు

తా.క.: నాచు కిందనుంచే కొలిచాం. మళ్లీ అడగొద్దు.