టైమెంతయింది అని మాత్రం అడక్కండి

ఖరీదైన స్విస్ వాచీ కట్టుకున్న మనిషిని టైమెంత అని అడగడం అపచారం. మొన్న తిరుచానూరు పెళ్లిలో పురోహితుడు పాపం తెలియక అడిగేశాడు.

తెల్లవారుజాము ముహూర్తం. 'టైమెంతయింది సామీ?' అన్నాడాయన. పెళ్లికొడుకు మేనమామ వాచీ విప్పి, తిరగేశాడు. వెనక అద్దం, అద్దంలోంచి పళ్ల చక్రాలు. 'గంటకు 28,800 సార్లు కొట్టుకుంటుంది' అన్నాడు. పురోహితుడు జీలకర్ర బెల్లం పక్కన పెట్టి ఒంగి చూశాడు. ఆ ఎర్ర చుక్కలు కెంపులట! రాపిడి తగ్గించడానికి ఫ్యాక్టరీలో చేసే చౌక రాళ్లని చెప్పలేదనుకోండి. వియ్యపురాలు కళ్లజోడు తెప్పించుకుంది. వంటాయన గరిటెతో సహా వచ్చాడు. మేళం ఆగింది. తెర వెనక నుంచి పెళ్లికూతురు 'ఇంతకీ టైమెంత?' అంది. ఎవరూ పలకలేదు. చివరికి డోలు కొట్టే అబ్బాయి సెల్‌ఫోను చూసి చెప్తే తాళి పడింది.

ఈ జాతి వాచీ రోజుకు 4 సెకన్లు వెనకబడినా, 6 సెకన్లు ముందుకు పోయినా స్విట్జర్లాండులో కచ్చితమైన గడియారమని క్రోనోమీటరు సర్టిఫికెట్ ఇస్తారు. మామూలు బ్యాటరీ వాచీ నెలంతా కలిపి తప్పేది ఇంచుమించు 15 సెకన్లు. అందులో క్వార్ట్జ్ ముక్క సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది, కంటికి కనపడదు కాబట్టి గౌరవం లేదు. ఇంకా పైమెట్టు టూర్బియాన్. జేబులో నిలువుగా ఉండే గడియారం మీద భూమ్యాకర్షణ ప్రభావాన్ని సర్దడానికి 1801లో బ్రెగే అనే గడియారాల నిపుణుడు పేటెంటు తీసుకున్న ఏర్పాటు అది. ఎప్పుడూ కదిలే చేతికి దాంతో పెద్దగా పని లేదు, ధర మాత్రం లక్షల్లో. చేతి కదలికతో కీ తిరిగే ఆటోమేటిక్ వాచీ కట్టుకోకపోతే ఆగిపోతుందని మేనమామ తన వాచీని కరెంటు పెట్టెలో పెట్టి తిప్పుతాడు. బ్యాటరీ అక్కర్లేని వాచీకి కరెంటు బిల్లు!

నవ్వుకుని ఊరుకునేవాణ్నే. కానీ ఈయనే పోయిన నెల గాంధీ రోడ్డులో బల్ల వేసుకుని వాచీలు బాగుచేసే ముసలాయన దగ్గరికి తన తండ్రి హెచ్‌ఎంటీ జనతా తెచ్చాడు. కీ ఇచ్చే వాచీ. కంటికి భూతద్దం బిగించి, వెంట్రుకంత స్ప్రింగు సరిచేసి, నూనె చుక్క వేసి ఆయన మూడొందలు అడిగితే, 'ఈ పాత డబ్బాకా?' అని రెండొందలు బల్ల మీద పడేశాడు. అందులోనూ అవే పళ్ల చక్రాలు కదా! జెనీవాలో తెల్లకోటు వేసుకుని చేస్తే కళ, తిరుపతిలో గొడుగు కింద చేస్తే దండగా? అక్కడ సర్వీసుకు అడిగినంతా కట్టి నెలల తరబడి నోరెత్తకుండా కూర్చుంటావే, ఇక్కడ వంద దగ్గర నీకు లెక్కలు గుర్తొచ్చాయా? సిగ్గుండక్కర్లేదూ? ఆ వంద ఇచ్చి రా పో.