జనాభా లెక్కలకు రేషన్ కార్డెందుకు తీస్తాం?

జనాభా లెక్కల వాళ్లు గుమ్మంలోకి రాగానే మన ఇళ్లలో మొదట తెరుచుకునేది బీరువా. రేషన్ కార్డు, ఆధార్ కార్డులు బయటికొస్తాయి. ‘ఇందులో ఉన్నట్టు రాసుకోండి’ అంటాం. కార్డులో నలుగురుంటే నలుగురే, వయసు తప్పైనా అదే వయసు. 2027 జనగణనలో దొర్లే తప్పులు చాలావరకు ఇక్కడే మొదలవుతాయని నా అనుమానం.

ఈ అలవాటు ఊరికే రాలేదు. తెలంగాణలో 2014 ఆగస్టు 19న ఒక్కరోజు సమగ్ర కుటుంబ సర్వే జరిగినప్పుడు హైదరాబాద్ నుంచి సొంతూళ్లకు బస్సులు కిక్కిరిసి పోయాయి. ఊళ్లో పేరు పడకపోతే రేషను, పింఛను పోతాయన్న భయం. జనగణనకు ఆ లంకె లేదు. 1948 జనగణన చట్టం 15వ సెక్షన్ ప్రకారం మీ వివరాలను ఎవరూ తెప్పించుకుని చూడటానికి లేదు. ఆ చట్టం కింద పెట్టిన కేసుల్లో తప్ప వాటిని కోర్టులో సాక్ష్యంగా వాడటానికీ లేదు. జవాబు చెప్పడం మాత్రం తప్పనిసరి. దానికో చిన్న మినహాయింపు ఉంది: భర్త పేరు పలకకూడదనే ఆచారం ఉన్న స్త్రీని ఆ పేరు చెప్పమని ఒత్తిడి చేయకూడదని 8వ సెక్షన్ అంటుంది. మన అమ్మమ్మలను దృష్టిలో పెట్టుకునే రాశారేమో!

ఇక ఏ ఊళ్లో లెక్కపడాలన్నది. 2011లో ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా లెక్క నడిచింది. ఇంటి మనిషి ఆ ఇరవై రోజుల్లో కొన్నాళ్లయినా ఇంట్లో ఉంటే అక్కడే రాశారు. ఆ రోజులన్నీ బయటే ఉన్నవారిని ఎక్కడుంటే అక్కడ రాశారు. అంటే అమీర్‌పేట హాస్టల్లో ఉండి ఉద్యోగం చేసుకునే అబ్బాయిని శ్రీకాకుళంలో తల్లి రాయించకూడదు. అమెరికాలో ఉన్న కొడుకు అసలు లెక్కలోకే రాడు. తల్లి రాయించి, హాస్టల్లోనూ రాస్తే ఒక మనిషి ఇద్దరవుతాడు. ఇంకా ఎక్కువగా జరిగేది దీనికి తిరగబడ్డ తప్పు. ఇంటివాళ్లు ‘వాడు హైదరాబాద్‌లో ఉన్నాడు’ అంటారు, అక్కడ అతని గదికి తాళం ఉంటుంది, ఎక్కడా పేరు పడదు. 2011 లెక్కల తర్వాత జరిపిన తనిఖీ సర్వేలో వెయ్యికి 23 మంది చొప్పున తగ్గారని తేలింది. పల్లెల కంటే పట్టణాల్లోనే ఈ లోటు ఎక్కువ.

ఈసారి లెక్క 2027 మార్చి 1 అర్ధరాత్రి 00:00 గంటలకు ఉన్న జనానిది. లడఖ్‌తోపాటు మంచు పడే కొన్ని ప్రాంతాలకు మాత్రం 2026 అక్టోబరు 1. ఫిబ్రవరి 28 రాత్రి 11 గంటలకు పుట్టిన బిడ్డ లెక్కలో ఉంటుంది, అర్ధరాత్రి దాటాక పుడితే ఉండదు.

‘కుటుంబం’ అన్న మాటకూ కార్డుతో పని లేదు. ఒకే పొయ్యి మీద వండుకు తినేవాళ్లు ఒక కుటుంబం. ఒకే ఇంట్లో ఉంటూ అన్న ఒకచోట, తమ్ముడు ఒకచోట వండుకుంటుంటే కార్డు ఒకటే అయినా అవి రెండు కుటుంబాలు.

అన్నిటికంటే ఎక్కువగా జారిపోయేది ఆడవాళ్ల పని. ‘మీ ఆవిడ ఏం చేస్తుంది?’ అంటే ‘ఇంట్లోనే ఉంటుంది’ అని మగవాళ్లు ఠక్కున అనేస్తారు. ఆమె తెల్లారకముందే రెండు గేదెల కింద పేడ తీసి, పాలు పితికి, కేంద్రంలో పోసి, పదింటికి సొంత చేలో కలుపు తీస్తుంటుంది. కూలి డబ్బు చేతికి రాకపోయినా సొంత పొలంలో చేసేది పనే. గత జనగణనల నిర్వచనంలో ఇంట్లో తాగడానికి పాలు తీయడం కూడా పని కిందికే వచ్చింది. ఏడాదిలో ఆరు నెలలు, ఆపైన చేస్తే ‘ముఖ్య శ్రామికురాలు’. ఈ ప్రశ్నకు ఆమెనే జవాబు చెప్పనివ్వాలి.

వయసు దగ్గర అందరికీ యాభై, అరవై అని సున్నాతో ముగిసే అంకెలే వస్తాయి. దివిసీమ ఉప్పెన 1977 నవంబరులో వచ్చింది, ‘అప్పటికి నీకు పెళ్లయిందా అవ్వా?’ అని అడిగితే కాస్త దగ్గరికి రావచ్చు.

ఈసారి అడిగే కులం సంగతి కొంచెం కష్టం. 1931 తర్వాత అన్ని కులాల లెక్క ఏ జనగణనలోనూ వెలువడలేదు. 1931లో 4,147 కులాలు తేలాయి. జనగణనకు విడిగా జరిపిన 2011 సామాజిక, ఆర్థిక, కుల గణనలో 46 లక్షలకు పైగా పేర్లు వచ్చిపడ్డాయని కేంద్రమే సుప్రీంకోర్టుకు చెప్పింది. ఇంటిపేరు, గోత్రం, శాఖ, పెద్దల బిరుదు... జనం ఏది చెబితే అది కులమైపోయింది, ఒకే పేరుకు పది రకాల స్పెల్లింగులు. కుల ధ్రువపత్రంలో ఉండే పేరు ఏదో ఇంట్లో ముందే ఒక మాట అనుకుని చెప్పడం మేలు. కార్డులు పక్కన పెట్టమన్న నేనే ఒక కాగితం తీయమంటున్నాను, నిజమే. చూపించడానికి కాదు, పేరు సరిచూసుకోవడానికే.

మాతృభాష అంటే చిన్నప్పుడు తల్లి బిడ్డతో మాట్లాడిన భాష. పిల్లలు ఇంగ్లిష్ మీడియంలో చదివినా, మనం హోసూరులోనో బళ్లారిలోనో స్థిరపడినా అది మారదు. 2011లో తెలుగువారు 8.11 కోట్లు, హిందీ, బెంగాలీ, మరాఠీల తర్వాత నాలుగో స్థానం. ఇక్కడ తప్పంతా జనానిదే కాదు. మన తండాల వాళ్లతో కలిపి దేశంలో 32 లక్షల మందికి పైగా లంబాడీ అని సరిగ్గానే చెప్పారు. జనగణన పట్టికల్లో వాళ్లను హిందీ కింద కలిపేశారు.