ఓటు లేని క్యాంపస్

1973 డిసెంబరులో అహ్మదాబాద్‌లోని ఎల్.డి. ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్లో మెస్ బిల్లు పెంచారు. కట్టలేమన్నారు పిల్లలు. నూనె, తిండిగింజల ధరలు మండిపోతున్న రోజులు కావడంతో ఆ మాట హాస్టల్ గోడ దాటి బజారుకు, బజారు నుంచి ఇళ్లలోకి పాకింది. 1974 ఫిబ్రవరి 9న గుజరాత్ ముఖ్యమంత్రి చిమన్‌భాయ్ పటేల్ రాజీనామా చేశారు. మార్చిలో బీహార్ విద్యార్థులు పట్నాలో అసెంబ్లీ మీదికి కదిలారు. జయప్రకాశ్ నారాయణ్ వాళ్లకు పెద్దదిక్కయ్యారు. మరుసటి ఏడాది జూన్ 12న ఇందిరాగాంధీ ఎన్నిక చెల్లదని అలహాబాద్ హైకోర్టు తీర్పు, 25 రాత్రి అత్యవసర పరిస్థితి... ఇదంతా అందరికీ తెలిసిందే. కానీ ఎమర్జెన్సీ అనగానే మనకు గుర్తొచ్చేది జైలుకెళ్లిన నాయకులే. హాస్టల్ గదుల్లోంచి మాయమైన కుర్రాళ్లను ఎక్కువగా తలుచుకోం.

ఎమర్జెన్సీ పెట్టి నెల తిరిగేసరికి మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు నక్సలైట్ యువకులు పోలీసు తూటాలకు చనిపోయారు. వారిలో సూరపనేని జనార్దన్ వరంగల్ ఆర్ఈసీ (రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీ) విద్యార్థి. పోలీసులు ఎదురుకాల్పులన్నారు. పట్టుకుని, చెట్లకు కట్టి కాల్చారని ఎన్‌కౌంటర్లపై విచారణ జరిపిన తార్కుండే కమిటీ 1977లో చెప్పింది. వారు నమ్మిన సాయుధ మార్గాన్ని మేము సమర్థించం. కానీ నేరం చేసినవాడికి కూడా కోర్టు ఉంటుంది. ఆ నలుగురికీ అది దక్కలేదు.

ఏడు నెలల తరువాత, 1976 మార్చి 1 తెల్లవారుజామున, ఇంకో ఆర్ఈసీ నుంచి ఇంకో విద్యార్థిని తీసుకుపోయారు. కాలికట్‌లో చదువుతున్న పి. రాజన్ అతను. కక్కయం పోలీసు క్యాంపుకు తీసుకెళ్లాక ప్రాణాలతో తిరిగి రాలేదు. శవం కూడా దొరకలేదు. తండ్రి ఈచర వారియర్ హిందీ పాఠాలు చెప్పిన మాస్టారు. కొడుకు జాడ కోసం ఆయన ఎక్కని గుమ్మం లేదు. కోర్టుకు పోదామంటే అక్కడా తలుపు మూసుకుంది: ఎమర్జెన్సీలో హెబియస్ కార్పస్, అంటే నిర్బంధించిన మనిషిని కోర్టు ముందుకు తెమ్మని అడిగే హక్కు లేదని 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు 4-1 మెజారిటీతో తేల్చేసింది. కాదన్న ఒక్కరు జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా. వారియర్ మాస్టారు 1977 మార్చి దాకా ఆగాల్సి వచ్చింది. ఎమర్జెన్సీ ఎత్తేశాక కేరళ హైకోర్టులో ఆయన వేసిన పిటిషన్‌తో, అప్పుడే ముఖ్యమంత్రి అయిన కరుణాకరన్ నెల రోజులకే గద్దె దిగారు. ఈ కథలో మరొకరిని మరచిపోకూడదు. మీ అబ్బాయిని పోలీసులు తీసుకెళ్లారని ఆ తండ్రికి ఉత్తరం రాసిన కాలేజీ ప్రిన్సిపాల్. నోరెత్తడానికి దేశం భయపడిన రోజుల్లో ఆయన తన విద్యార్థి ఏమయ్యాడో కాగితం మీద పెట్టారు. విద్యాసంస్థ అధిపతి చేయాల్సిన పని అదే.

ఢిల్లీ జేఎన్‌యూలో 1975 సెప్టెంబరులో విద్యార్థి సంఘం అధ్యక్షుడు అనుకుని పొరపాటున ప్రబీర్ పుర్‌కాయస్థను పట్టుకెళ్లి, విచారణ లేకుండా నిర్బంధించే మీసా చట్టం కింద జైల్లో పెట్టారు. రెండేళ్లకు అదే సంఘానికి అధ్యక్షుడైన తెలుగు యువకుడు సీతారాం ఏచూరి, ఇందిరాగాంధీ పక్కనే నిల్చుని, యూనివర్సిటీ చాన్సలర్ పదవి వదలమంటూ వినతిపత్రం చదివారు. ఆమె విన్నారు, పదవి వదిలారు. ఆ ఫొటోను ఏచూరి క్షమాపణ చెప్పిన ఘట్టంగా ఇప్పటికీ కొందరు ప్రచారంలో పెడుతున్నారు. అది అబద్ధం. ఆయన ఆ కాగితం చదవగలిగింది విద్యార్థులు ఓటేసి పంపినందుకే.

ఆ ఓటు మన రాష్ట్ర ప్రభుత్వాల విశ్వవిద్యాలయాల్లో లేదు. 1988 చివర్లో పార్లమెంటు ఓటు వయసును 21 నుంచి 18కి తగ్గించింది. ఇంచుమించు అదే కాలంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో విద్యార్థి సంఘాల ఎన్నికలు ఆగిపోయాయి. ఇప్పుడు ఉస్మానియాలో, ఆంధ్రాలో, కాకతీయలో, శ్రీవేంకటేశ్వరలో చదివే వారిలో చాలామంది తల్లిదండ్రులు కూడా క్యాంపస్‌లో ఓటేసి ఉండరు. ఎమ్మెల్యేను ఎన్నుకునే అర్హత ఉన్న యువతికి హాస్టల్ సమస్య చెప్పే ప్రతినిధిని ఎన్నుకునే అర్హత లేదట! దీన్ని ఏ న్యాయం కింద సమర్థిస్తారో రెండు ప్రభుత్వాలూ చెప్పాలి.

హింస అనే జవాబు వస్తుందని మాకు తెలుసు. అది పూర్తిగా తప్పనీ అనం. 1972లో ఉస్మానియా ఇంజనీరింగ్ కాలేజీ ఆవరణలో విద్యార్థి నాయకుడు జార్జిరెడ్డిని పొడిచి చంపారు. ఆ తరువాతి ఏళ్లలోనూ క్యాంపస్‌లలో కత్తులు, బరిసెలు తిరిగాయి. కులం, డబ్బు, బయటి నాయకుల చేతులు ఎన్నికల్లో పనిచేశాయి. అయితే ఎన్నికలు ఆపినంత మాత్రాన అవి పోయాయా? పార్టీల అనుబంధ సంఘాలు క్యాంపస్‌లలో అలాగే ఉన్నాయి. పోయింది వాటికి జవాబుదారీతనం ఒక్కటే. పైగా ఈ భయాలకు మందుగానే సుప్రీంకోర్టు 2006లో విద్యార్థి సంఘాల ఎన్నికలపై లింగ్డో కమిటీ చేసిన సిఫార్సులను ఆమోదించింది: అభ్యర్థికి ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదు, 75 శాతం హాజరుండాలి, సబ్జెక్టులు మిగిలి ఉండకూడదు, వయసుకు పరిమితి ఉండాలి.

2025 మార్చిని గుర్తు చేసుకుందాం. విభాగాల్లో, కాలేజీల్లో, పాలనా భవనంలో ధర్నాలు, నినాదాలు కూడదని ఉస్మానియా అధికారులు సర్క్యులర్ ఇచ్చారు. అదే నెల చివర్లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో చెట్లు కొట్టే యంత్రాలు దిగితే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ విద్యార్థులు అడ్డుపడి అరెస్టయ్యారు. ఏప్రిల్ 3న చెట్ల నరికివేతను సుప్రీంకోర్టు ఆపించింది. కేంద్రం కింద నడిచే ఆ యూనివర్సిటీలో విద్యార్థులు ఓటేసి ఎన్నుకున్న సంఘం ఉంది. ఉస్మానియాలో లేదు.

తరగతులు మొదలైన ఆరు నుంచి ఎనిమిది వారాల్లో ఎన్నికలు జరపాలన్నది లింగ్డో కమిటీ చెప్పిన గడువు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు వచ్చే విద్యా సంవత్సరం మొదలయ్యేలోపే ఉత్తర్వులివ్వాలి. పోలీసులను గేటు బయటే ఉంచి, పోలింగ్ బాధ్యత అధ్యాపకులకు అప్పగించాలి. ఆ ఉత్తర్వులో హాస్టల్ మెస్ కమిటీలకూ ఓటింగ్ జరపాలని స్పష్టంగా రాయాలి.