చుక్కలు చూపించిన టీ ట్రీ నూనె గారికి

కడప,
మే నెల, మిట్టమధ్యాహ్నం.

మహారాజశ్రీ టీ ట్రీ నూనె గారి సముఖానికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మా అవ్వ నేర్పిన మర్యాద. ఈసారి మాత్రం కుశలం మీది, ఉపరితలం నాది. ఆ ఉపరితలం మూడు వారాల పాటు పొట్టు రాల్చి, ఇప్పుడిప్పుడే మనిషి చర్మంలా కనిపిస్తోంది. అందుకే అద్దంలోకి చూసుకునే ధైర్యమూ, మీకు ఉత్తరం రాసే ఓపికా వచ్చాయి.

ముందుగా మీ ఆకారం గురించి ఒక మాట. మీరు ఉండేది 15 మిల్లీలీటర్ల గోధుమరంగు సీసాలో. మాది నూనెను చేతినిండా కొలిచే సీమ. కారం దోసె చుట్టూ గరిటెతో తిప్పుతాం. మాడుకు ఆముదం పట్టిస్తే అది కణతల మీదుగా చెవుల్లోకి కారాలి, లేకపోతే పట్టించినట్టు కాదు. పండగ తలంటుకు గిన్నె ఖాళీ అయ్యేదాకా వదలరు. అలాంటి వాళ్ల మధ్యకు చుక్కల్లో కొలవవలసిన మీరు నూనె అనే పేరుతోనే రావడం ఏమి న్యాయం? ఇంకే పేరైనా పెట్టుకుని ఉంటే కొంచెమైనా భయపడేవాళ్లం.

పోనీ ముందున్న ఆ 'టీ' అయినా నిజమా అంటే అదీ కాదు. తేయాకుకూ మీకూ చుట్టరికమే లేదట. మీ అసలు బంధువులు నేరేడు, జామ, లవంగం, నీలగిరి. అంతా ఒకే కుటుంబం. ఇది ముందే తెలిసి ఉంటే బాగుండేది. పంటి నొప్పికి లవంగ నూనె పెట్టేటప్పుడు మా అవ్వ దూది చివర తడి తగిలీ తగలనట్టు అద్దుతుంది. చిగురుకు తగిలితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. మీరు ఆ ఇంటివారేనని ఎవరూ చెప్పలేదు.

ఇక జరిగింది. ప్రొద్దుటూరులో పిన్ని కూతురి పెళ్లి. రెండు రోజుల ముందు నా ఎడమ చెంప మీద మొటిమ వెలిసింది. సీసా పడమటి కిటికీ గట్టు మీదే ఉంది. ఏ అవసరానికి కొన్నానో కూడా గుర్తులేదు. రెండు ఎండాకాలాలు అక్కడే గడిపింది, మూత కూడా సరిగా బిగియలేదు. దూది ఉండ మీద ఏడెనిమిది చుక్కలు వేసి, మొటిమ మీద ఒత్తిపెట్టి, పైన పట్టీ అంటించి పడుకున్నాను. మంట పుట్టింది. మంట పుడితే మందు పనిచేస్తున్నట్టే అన్నది మా ఇంటి వైద్యశాస్త్రం. కాబట్టి సంతోషంగా భరించాను.

తెల్లవారి పట్టీ తీస్తే మొటిమ ఉన్నచోటే ఉంది. దాని చుట్టూ రూపాయి బిళ్లంత మేర చర్మం కాలి, మెరుస్తూ, బిగుసుకుపోయి ఉంది. పెళ్లిలో పెళ్లికూతురి కంటే నన్ను చూసినవాళ్లే ఎక్కువ. పెద్దత్త దిష్టి అంది. చిన్నత్త అక్కి అని తేల్చి, కుమ్మరి చేత రాయించమంది. ఫొటోగ్రాఫరు మాత్రం ఏ రోగమో అడగలేదు. "మేడం, కొంచెం కుడివైపు తిరగండి" అంటూ రెండు రోజులూ కాలం గడిపాడు.

తరువాత చర్మవైద్యురాలి దగ్గరకు వెళ్లాను. ఆమె చెంప చూసి, "ఏమి పూశారమ్మా?" అని అడిగారు.

"నాచురల్ నూనేనండీ."

"జిల్లేడు పాలు కూడా నాచురలే," అన్నారు, తల ఎత్తకుండా మందు రాసుకుంటూ.

ఆపైన ఆవిడ మీ చరిత్రంతా విప్పారు. మీ పుట్టినూరు ఆస్ట్రేలియా, న్యూ సౌత్ వేల్స్ ఉత్తర తీరం వైపు. అక్కడి బండ్జలంగ్ ఆదివాసులు మీ ఆకు నలిపి పుండ్ల మీద వేసుకునేవారు. ఆకు వేరు, ఆకును ఆవిరిలో వండి దించిన నూనె వేరు. వంద కిలోల ఆకు పెడితే దిగేది ఒకటి రెండు కిలోల నూనె. అంటే ఆ రాత్రి నా చెంపకు నేను కట్టింది దూది కాదు, పొదలో సగం. 1920లలో ఆర్థర్ పెన్‌ఫోల్డ్ అనే సిడ్నీ శాస్త్రవేత్త, క్రిములను చంపడంలో మీరు ఆనాటి క్రిమిసంహారిణి ఫినాల్‌ను మించినవారని లెక్క తేల్చారట. ఆ మాట విన్నాక ఎవరైనా మిమ్మల్ని ఫినాయిల్‌లా గౌరవించాలి గానీ స్నోలా పూసుకుంటారా?

మొటిమల మీద మీరు బొత్తిగా పనికిరారని ఆవిడ అనలేదు. ఆ నిజాయితీ నాకు నచ్చలేదు, అయినా రాస్తున్నాను. 1990లో ఆస్ట్రేలియాలోనే 124 మంది మీద మిమ్మల్ని పరీక్షించారు. కొందరికి 5 శాతం టీ ట్రీ జెల్, మిగతావారికి 5 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్ అనే మొటిమల మందు. రెండూ మొటిమలను తగ్గించాయి. మీరు ఆలస్యంగా తగ్గించారు, కానీ చర్మాన్ని తక్కువ బాధపెట్టారు. 5 శాతం! నేను వాడింది నూరు శాతం. వాళ్లు నెలల తరబడి ఓపిక పట్టారు. నేను ఇచ్చిన గడువు పెళ్లి ముహూర్తం.

లెక్క కూడా ఆవిడే చెప్పారు. డ్రాపరును బట్టి కొంచెం అటూ ఇటూ అయినా, మిల్లీలీటరుకు సుమారు 20 చుక్కలు. అంటే చెంచాడు, 5 మిల్లీలీటర్ల మామూలు నూనెలో మీరు ఒక చుక్క పడితే 1 శాతం, 5 చుక్కలు పడితే 5 శాతం. ముఖానికి మొదలుపెట్టేవాళ్లు ఒక చుక్క దగ్గరే ఆగాలి. కళ్ల దరిదాపులకు వెళ్లకూడదు. "పన్నీరులో కలుపుకోవచ్చా?" అని అడిగాను. నీళ్లలో మీరు కలవరట, పైన తేలి, ఏ చెంప ముందు దొరికితే దాని మీద మొత్తంగా దిగుతారట. కొబ్బరి నూనెలో కలుపుదామంటే అది మొటిమల ముఖానికి రంధ్రాలు పూడ్చే సరుకు. ఇంత గొడవ ఎందుకు, సరైన పాళ్లలో కలిపి అమ్మే జెల్ కొనుక్కోమ్మా అన్నారు. తలంటు గిన్నె చూసి పెరిగిన చేతిని ఆవిడ నమ్మలేదు.

కిటికీ సంగతి చెప్పినప్పుడు మాత్రం ఆవిడ కలం కింద పెట్టేశారు. గాలి, వెలుతురు, వేడి తగిలితే మీలోని పదార్థాలు మారిపోయి, చర్మాన్ని రెచ్చగొట్టే పెరాక్సైడ్లు పుడతాయట. అలెర్జీ తెచ్చే గుణం ముదిరిన నూనెకే ఎక్కువ. కడపలో పడమటి కిటికీ, అందులోనూ రెండు వేసవులు! మా ఊళ్లో అవే రెండు వేసవులు గట్టు మీద పెడితే ఊరగాయ కూడా రంగు మారుతుంది. పైగా చర్మం ఒకసారి మీతో పగ పెట్టుకుంటే మరిచిపోదట. తరువాత పల్చగా కలిపి పూసినా గుర్తుపట్టి దద్దురెక్కుతుందట.

ఆ పగ నా చర్మానికి ఉందో లేదో తేలాలి కదా. చెంప మానాక, ఆవిడ సరేనన్నాక, కొత్త సీసా కొని, ఒక చుక్కను చెంచాడు నూనెలో కలిపి మోచేతి లోపలివైపు అద్దాను. నేటికి రెండో రోజు. నిజంగా దురద పెడుతోందో, పెడుతుందేమోనని నేనే గోకుతున్నానో ఇంకా తెలియడం లేదు.

ఇట్లు,
చుక్కలు లెక్కపెట్టడం నేర్చుకుంటున్న
మీ బాధితురాలు.

తా.క.: మా అవ్వ మీ వాసన చూసి "జలుబుకు బాగుంటుంది, వేడినీళ్లలో వేసి తాగితే పోతుంది" అంది. గుండె ఆగినంత పనైంది. మిమ్మల్ని మింగితే మగత, తూలుడు, స్పృహ తప్పడం దాకా పోతుందని ఆ వైద్యురాలు మరీ మరీ చెప్పారు. పిల్లికి కూడా మీరు విషమట, మా ఇంట్లో అదొకటి ఉంది. సీసా మీద 'మింగరాదు' అని పెద్ద అక్షరాలతో కాగితం అంటించాను. తీరా చూస్తే అవ్వకూ చదువు రాదు, పిల్లికీ రాదు. అందుకని మిమ్మల్ని బీరువాలో పెట్టి తాళం వేశాను. మే నెల కడపలో చల్లదనానికి నేను హామీ ఇవ్వలేను. చీకటి మాత్రం ఉంటుంది.