స్కోపస్ గారి దివ్య సముఖానికి

మహారాజశ్రీ స్కోపస్ గారికి,

యూనివర్సిటీ లైబ్రరీలో రెఫరెన్స్ కౌంటర్ దగ్గర కూర్చునేవాళ్లం నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. ఆమ్‌స్టర్‌డామ్‌లో తమరూ క్షేమమనీ, ఈ ఏటి చందా సకాలంలో ముట్టిందనీ తలుస్తాం.

పరిశోధన పత్రికల్లో వచ్చిన పేపర్లనూ, వాటిని ఎవరెవరు ప్రస్తావించారన్న లెక్కనూ దాచిపెట్టే డేటాబేస్‌గా తమరు 2004లో ఎల్సెవియర్ అనే ప్రచురణ సంస్థ వారింట పుట్టారు. అంతకు నలభై ఏళ్ల ముందే, 1964లో, ఫిలడెల్ఫియాలో యూజీన్ గార్‌ఫీల్డ్ సైన్స్ సైటేషన్ ఇండెక్స్ తెచ్చాడు. ఆయన ఉద్దేశం సాదాసీదాది. ఒక పాత పేపర్‌ని తర్వాత ఎవరెవరు ప్రస్తావించారో వరసగా రాసిపెడితే, ఆ ఆలోచన ఎవరి చేతుల్లోకి వెళ్లిందో, ఎక్కడ తప్పని తేలిందో వెతుక్కోవచ్చని. పట్టాదారు పాస్‌బుక్ లాంటిదన్నమాట. ఏ సర్వే నంబరు ఎవరిదో, విస్తీర్ణమెంతో చెబుతుంది. ఎకరానికి ఎన్ని బస్తాలు పండాయని దాన్ని ఎవరూ అడగరు. తమరిని మాత్రం అడుగుతున్నారు.

అన్నట్టు, తమరి పేరుగల పక్షి ఒకటి ఆఫ్రికాలో ఉంది, స్కోపస్ అంబ్రెట్టా. గోధుమరంగు కొంగలా ఉంటుంది. మీటరున్నర వెడల్పు గూడు కడుతుంది. పుల్లలు, బురద, పైన ఎముకలు, గుడ్డపీలికలు, ప్లాస్టిక్ ముక్కలు, ఏది దొరికితే అది తెచ్చి పెడుతుంది. ఈ సంగతి ఎందుకు ఎత్తామో ముందు ముందు తమరికే తెలుస్తుంది.

మా దగ్గర "మంచి పేపర్" అనే మాట వాడుకలోంచి పోయింది. ఉన్నది "స్కోపస్ పేపర్". అధ్యాపకుడి నియామకాన్ని యూనివర్సిటీ ఆమోదించే ర్యాటిఫికేషన్‌కి అదే, ప్రమోషన్ ఫైలుకి అదే, కేంద్రం కాలేజీలకు ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుకి అదే. పేపర్ లేకపోయినా థీసిస్ ఇవ్వొచ్చని యూజీసీ 2022 నిబంధనల్లో సడలించింది. ఆ షరతు పెట్టుకోదలిచిన యూనివర్సిటీ పెట్టుకుంది. 2025 ఫిబ్రవరిలో తాను ఒప్పుకున్న పత్రికల జాబితా, కేర్ లిస్టును కూడా ఎత్తేసి, జర్నల్ నాణ్యత ఎక్కడివాళ్లక్కడ చూసుకోండని వదిలేసింది. చూసుకోవడమంటే చదవాలి. చదివే తీరిక ఎవరికుంది? అందరూ వచ్చి తమరి వాకిట్లో నిలబడ్డారు.

వచ్చినవాళ్లు అడిగే ప్రశ్న ఒక్కటే: "సార్, ఈ జర్నల్ స్కోపస్‌లో ఉందా?" ఈ "ఉందా"లో ఎన్ని లొసుగులున్నాయో తమరికి తెలియంది కాదు. తమరి పత్రికల జాబితా ఉండే సోర్సెస్ పేజీ చందా లేనివాళ్లకూ తెరుచుకుంటుంది కదా, అందులో జర్నల్ పేరు కొట్టి, కనబడగానే స్క్రీన్‌షాట్ తీసుకుని వెళ్లిపోతారు. పేరు కాదు నాయనా, ప్రతి పత్రికకూ విడిగా ఉండే ఐఎస్ఎస్ఎన్ నంబరుతో వెతుకు అంటే వినరు. "ఇంటర్నేషనల్ జర్నల్ ఆఫ్ అడ్వాన్స్‌డ్" అనే నాలుగు మాటలతో మొదలయ్యే పత్రికలు వీధికొకటి ఉన్నాయి. ఎనిమిది అంకెలు సరిపోలాలి. సరిపోలాక కవరేజ్ ఏళ్లు, అంటే ఆ పత్రిక పేపర్లను తమరు ఏ ఏటి నుంచి ఏ ఏటి దాకా ఎక్కించుకున్నారో, చూడాలి. "2012 నుంచి 2021 వరకు" అని ఉండి, పక్కన కవరేజ్ ఆగిపోయిందని చిన్న అక్షరాల్లో ఉంటే, ఆ జర్నల్ తమరి దగ్గర ఉన్నట్టా, లేనట్టా? పాత పేపర్లకు ఉన్నట్టు, కొత్తవాటికి లేనట్టు. పేపర్ వేయించడానికి డబ్బు కట్టేవాడిది ఎప్పుడూ కొత్త పేపరే. యాక్సెప్ట్ అయిన నాటికి జర్నల్ ఉండి, అచ్చయ్యే నాటికి తీసేస్తే, ఆ యాక్సెప్టెన్స్ లెటర్ ఫ్రేము కట్టించుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు.

కవరేజ్ ఏళ్లు చూశాక ఆగకూడదు. అదే పేజీలో కంటెంట్ కవరేజ్ అని ఒక ట్యాబ్ ఉంటుంది, ఏ ఏట ఎన్ని పేపర్లు ఎక్కాయో అంకెలతో సహా. దాన్ని నొక్కే మనిషి అరుదు. ఏడాదికి 180 పేపర్లు వేసే పత్రిక మరుసటి ఏడు 2,400 వేసిందనుకోండి, పేపర్లను పరిశీలించే రివ్యూయర్లు అంతమంది ఏ సంతలో దొరికారో ఆలోచించుకోవాలి. ఇక పేపర్లన్నిటినీ కొత్తవి ముందు వచ్చేలా పెట్టి చూస్తే, నెలనెలా వచ్చే పత్రికలో చివరి పేపర్ ఎనిమిది నెలల కిందటిదని తేలుతుంది ఒక్కోసారి. పొగ వస్తున్నట్టే. తొలగించిన పత్రికల జాబితా తమరు ఎక్సెల్ ఫైలుగా పెడతారు, సంతోషం. వాట్సాప్‌లో "15 రోజుల్లో స్కోపస్ గ్యారంటీ" అని తిరిగే బేరగాళ్లు మాత్రం ఆ ఫైలును మా స్కాలర్ల కంటే శ్రద్ధగా చదువుతారు.

అసలు పత్రిక చక్కగా నడుస్తూనే ఉంటుంది. దాని పేరు, దాని ఐఎస్ఎస్ఎన్ అచ్చంగా దించి ఇంకొకడు వెబ్‌సైట్ తెరిచి ఫీజు వసూలు చేసుకుంటాడు. అలాంటి దొంగ సైట్ల లింకులు తమరి సొంత పేజీల్లోకే దూరాయని బయటపడ్డాక, 2023 చివర్లో జర్నల్ హోంపేజీ లింకులే తీసిపారేశారు. ఇంట్లో ఎలుక దూరిందని తలుపే పీకేశారన్నమాట. ఇప్పుడు మేమేం చేస్తున్నామంటే, తమరి దగ్గరున్న తాజా పేపర్ ఒకటి తెరిచి, దాని డీఓఐ (పేపర్ శాశ్వత లింకు) నొక్కి, అది ఏ సైట్‌కి తీసుకెళ్తుందో, ఫీజు అడుగుతున్న సైట్ అదేనా కాదా పోల్చి చూస్తున్నాం. రెండూ వేరైతే చెక్కుబుక్కు మూసేయమంటాం.

పత్రిక వేసిన పేపర్‌కు సగటున ఎన్ని సైటేషన్లు (తర్వాతి పేపర్లలో ప్రస్తావనలు) వచ్చాయో చెప్పే తమరి అంకె, సైట్‌స్కోర్ గురించి రెండు ముక్కలు. ఇలాంటిదే ఇంపాక్ట్ ఫ్యాక్టర్, రెండేళ్ల లెక్క, అది పొరుగున తమరి పోటీదారు వెబ్ ఆఫ్ సైన్స్ వారిది. తమరు 2016 డిసెంబరులో సొంత దుకాణం తెరిచి మూడేళ్ల లెక్క పెట్టారు. ఉత్తరాలు, సంపాదకీయాలు కూడా హారంలో కలిపేసరికి లాన్సెట్ లాంటి పెద్ద పత్రికలు కిందికి జారాయి. 2020లో లెక్క మార్చారు. ఇప్పుడు నాలుగేళ్లలో వచ్చిన పేపర్లకు ఆ నాలుగేళ్లలోనే వచ్చిన సైటేషన్లు. 400 పేపర్లకు 1,200 సైటేషన్లు వస్తే 3.0. బాగానే ఉంది. ఆ 1,200లో పత్రిక తనను తాను చేసుకున్నవి ఎన్ని? తమరు తీసెయ్యరు. స్పెయిన్‌లోని స్కిమాగో వాళ్లు లెక్కించే ఎస్‌జేఆర్ అనే అంకె సొంత సైటేషన్లను మూడో వంతు దగ్గర ఆపేస్తుంది, సైట్ చేసిన పత్రిక స్థాయిని బట్టి బరువు కూడా మారుస్తుంది. సైట్‌స్కోర్ ఎగిరి, ఎస్‌జేఆర్ ఉన్నచోటే కూర్చుంటే, ఆ పత్రిక తన వీపు తానే తట్టుకుంటోందేమోనని ఒక చూపు వెయ్యడం మా అలవాటు. గణితాన్ని, వైద్యాన్ని పక్కపక్కన పెట్టి సైట్‌స్కోర్ పోల్చేవాళ్లకు సబ్జెక్టుల మధ్య తేడాను సర్దే లైడెన్‌వాళ్ల స్నిప్ అనే అంకె ఉందని చెబుతాం. వినేవాళ్లు తక్కువ.

ఇక క్యూ వన్, అంటే ఒక సబ్జెక్టులోని పత్రికల్లో పై పావు వంతు. ఈ రెండక్షరాల కోసం జరిగే యుద్ధం తమరు ఒక్కసారి వచ్చి చూడాలి. సబ్జెక్టులో పర్సెంటైల్ 75, అంతకు పైన ఉంటే క్యూ వన్. సరే. కానీ ఒక పత్రికను తమరు నాలుగైదు సబ్జెక్టుల్లో కూర్చోబెడతారు. ఒకచోట 78, పక్కచోట 61. ఒకే పత్రిక క్యూ వన్ కూడా, క్యూ టూ కూడా. స్కాలర్ 78 చూపిస్తాడు, కమిటీలో ఆ గైడ్ అంటే పడనివాడు 61 చూపిస్తాడు. ఇద్దరూ తమరి మీదే ప్రమాణం చేస్తారు. మూడోవాడు స్కిమాగో తెరుస్తాడు, అక్కడ క్వార్టైల్ (పావు వంతు) ఎస్‌జేఆర్‌ని బట్టి కనుక అంకె మరొకటి. పైగా ఏ ఏటిది? 2024లో అచ్చయిన పేపర్‌కి 2024 సైట్‌స్కోర్ కావాలంటే 2025 వేసవి దాకా ఆగాల్సి వచ్చింది, ఇంటర్వ్యూ ఏమో మార్చిలో. మేం చెప్పే విరుగుడు ఒకటే: నోటిఫికేషన్‌లోనే ఏ కొలమానం, ఏ సబ్జెక్టు, ఏ ఏడు అని రాసిపెట్టండి అని. రాస్తే కమిటీకి పనుండదు కాబోలు, రాయరు.

పత్రికల సంగతి ఇలా ఉంటే, మనుషుల సంగతిలో తమరు ఇంకా అన్యాయం చేశారు. మా తెలుగువాళ్ల పేరులో ఇంటిపేరు ముందుంటుంది, అదీ పొడి అక్షరంగా. కె.వి. సుబ్బారావు అనే పేరు పట్టుకోండి. జర్నల్ ఫారంలో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గళ్లుంటాయి. వాటిని నింపేది సుబ్బారావు గారు కాదు, ఆయన స్కాలర్. ఒక స్కాలర్ లాస్ట్ నేమ్ గడిలో సుబ్బారావు అని రాస్తాడు. ఇంకొకడు సుబ్బాని ఒకవైపు, రావుని ఇంకోవైపు తోస్తాడు. మూడోవాడు గడి ఖాళీగా ఉంటే ఫారం ముందుకు కదలడం లేదని అక్కడ "కె" అని కొట్టి చేతులు దులుపుకుంటాడు. అక్కడితో ఒక్క మనిషికి మూడు ఆథర్ ఐడీలు (తమరు రచయితకిచ్చే నంబర్లు), సైటేషన్లను బట్టి మనిషిని కొలిచే హెచ్-ఇండెక్సులు మూడు. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన పరిశోధకురాలికి నాలుగోది అదనం. ఇంకోవైపు రావు కె., రెడ్డి ఎస్. అనే గుంపుల్లో ముగ్గురు నలుగురు ఒకే ప్రొఫైల్లో కాపురం పెడతారు. భౌతికశాస్త్రం, పశువైద్యం, మేనేజ్‌మెంటు కలిసి ఒకే మనిషి పేరున. పాస్‌పోర్టులో ఇంటిపేరు లేక అమెరికాలో ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, మొదటి పేరు తెలియదు) అయినవాళ్ల కష్టం తమరు పెట్టే ఈ కష్టానికి మేనమామ.

కాబట్టి పేరుతో వెతకడం మేమెప్పుడో మానేశాం. ఆ మనిషిదని ఖాయంగా తెలిసిన ఒక పేపర్‌ని శీర్షికతో పట్టుకుని, అందులో ఆయన పేరు మీద నొక్కి ప్రొఫైల్‌కి వెళ్తాం. ఏయే సంస్థల్లో పనిచేశాడో, ఎవరెవరితో కలిసి రాశాడో చూస్తాం. సహరచయితల్లో ఒక్కరూ తెలిసినవాళ్లు కాకపోతే అది ఇంకెవరి ఇల్లో. చీలిన ప్రొఫైళ్లను టిక్ పెట్టి కలపమని విన్నపం పంపొచ్చు, పరిశోధకుడు తీసుకునే 16 అంకెల సొంత గుర్తింపు నంబరు, ఆర్కిడ్, ఉంటే దానితో ముడి వెయ్యొచ్చు. ఈ విన్నపాల్లో ఒక విశేషం ఉంది. సైటేషన్లు తగ్గినవాడు సాయంత్రంలోగా పంపుతాడు. పక్కవాడి సైటేషన్లు వచ్చి కలిసినవాడు మౌనవ్రతం పడతాడు.

థీసిస్‌ని పరీక్షించే అడ్జుడికేటర్ల ప్యానెల్ కావాలన్నా తమరే దిక్కు. వేరుశనగలో తిక్క ఆకుమచ్చ తెగులు మీద థీసిస్ అనుకుందాం. స్కాలర్ "గ్రౌండ్‌నట్, తిక్క" అని కొట్టి, వచ్చిన కాసిన్ని పేర్లతో, అందరూ ఇక్కడివాళ్లే, సంతృప్తి పడతాడు. బయట లోకం దాన్ని పీనట్ అంటుంది. తెగులును ఎర్లీ లీఫ్ స్పాట్, లేట్ లీఫ్ స్పాట్ అంటుంది. గ్రౌండ్‌నట్, పీనట్, అరాకిస్ హైపోజియా మూడింటినీ "ఆర్" (ఏదున్నా సరే) పెట్టి బ్రాకెట్లో కట్టి, "ఆండ్" (ఇదీ ఉండాలి) పెట్టి లీఫ్ స్పాట్‌ని జోడించాలి. తెగులు పేరు తగిలించకుండా వెతికారా, పీనట్ ఎలర్జీ మీద డాక్టర్లు రాసినవి పుట్టలోంచి ఉసుళ్లలా వస్తాయి. "ఆండ్ నాట్ ఎలర్జీ" అని తోసేస్తే, ఎలర్జీ అనే మాట ఒక్కసారి దొర్లిన మంచి పేపర్ కూడా పోతుంది. అందుకని దాన్ని తోసెయ్యకుండా సబ్జెక్టును వ్యవసాయానికి కుదించాలి. ఐదేళ్లకు పరిమితం చేసి, ఫలితాలను రచయితల వారీగా విశ్లేషించమంటే పేర్లు వరసగా వస్తాయి. మొదటి పేరును తీసుకుని పరిగెత్తకూడదు. ల్యాబ్ అధిపతి గనుక ప్రతి పేపర్లో పేరున్న పెద్దమనిషి కావచ్చు, థీసిస్ ఆయన బల్ల మీద ఏడాది నిద్రపోతుంది. మొదటి రచయితగానో పేపర్ తరఫున ఉత్తరప్రత్యుత్తరాలు చూసే కరస్పాండింగ్ ఆథర్‌గానో ఉన్నవాళ్లను ఏరి, గైడ్‌తో కలిసి రాసినవాళ్లను తీసేసి, మిగిలినవాళ్ల చివరి పేపర్లో ఈమెయిల్ వెతకాలి. గంటన్నర పని. ప్యానెల్ మాత్రం గైడ్ ఫోన్‌బుక్‌లోంచి ఐదు నిమిషాల్లో తయారవుతుంది.

ఏటా కాలేజీ గేటు ముందు ఫ్లెక్సీ వెలుస్తుంది: ప్రపంచ టాప్ 2 శాతం శాస్త్రవేత్తల్లో మావాళ్లు, స్టాన్‌ఫర్డ్ గుర్తింపు అని. స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ అయొనిడిస్ బృందం తమరి డేటా మీద ఆరు కొలతలు కలిపి వేసే పట్టిక అది. రెండు పట్టికలు, ఒకటి జీవితకాలానిది, ఒకటి ఆ ఒక్క ఏటిది. మావాళ్ల పేరు ఏ పట్టికలో ఉందో ఫ్లెక్సీ మీద ఎప్పుడూ ఉండదు. ఫోటో పెద్దది కదా, చోటు చాలదు.

ఇక మా ఇంటి గోడు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1924లో మొదలుపెట్టిన భారతి మాసపత్రికలో శాసనాల మీద, ఛందస్సు మీద, కవుల కాలాల మీద దశాబ్దాలపాటు వాదోపవాదాలు నడిచాయి. ఒకరి వ్యాసాన్ని ఇంకొకరు ఉటంకించి, మరుసటి సంచికలో చీల్చి చెండాడేవారు. గార్‌ఫీల్డ్ కోరుకున్నది సరిగ్గా ఆ గొలుసే. అందులో ఒక్క లంకె కూడా తమరి గూట్లోకి రాలేదు. ఇంగ్లిష్‌లో సారాంశం, రోమన్ లిపిలో రెఫరెన్సులు లేనిదే తమరు పత్రికను గుమ్మం ఎక్కనివ్వరు. ఎముకలకూ గుడ్డపీలికలకూ చోటు దొరికిన గూడే అది. తెలుగు శాఖలో పనిచేసే ఆచార్యుణ్ణి మాత్రం తెల్లారితే తమరి అంకె అడుగుతూనే ఉన్నారు.

ఇట్లు,
తమరి పాస్‌వర్డ్ మరిచిపోయిన ప్రతివాడికీ దాన్ని మళ్లీ పెట్టించే రెఫరెన్స్ కౌంటర్ వాళ్లం

తా.క.: ఈ ఉత్తరం తెలుగులో ఉంది, సారాంశం జత చేయలేదు, రెఫరెన్సులు ఏ లిపిలోనూ ఇవ్వలేదు. దీన్ని తమరు లెక్కలోకి తీసుకోరన్న ధైర్యంతోనే ఇంత రాశాం.