‘తిన్నారు, తిరిగారు, అంతే’ అనేవాళ్ళకు

‘ద ట్రిప్ టు ఇటలీ’ గురించి ఎక్కడ మాట వచ్చినా ఒకే తీర్పు వినిపిస్తుంది. మొదటి సినిమానే తీసుకెళ్ళి ఇటలీలో మళ్ళీ తీశారట. కథ లేదట. ఇద్దరు నడివయసు మగాళ్ళు ఖరీదైన హోటళ్ళలో తిని, మిమిక్రీ చేసుకుని, హాలిడే ముగించుకుని వచ్చారట. పోనీ తిండి గురించైనా చెప్పారా అంటే అదీ లేదట. నచ్చడం, నచ్చకపోవడం ఎవరిష్టం వాళ్ళది. కానీ వీటిలో ఒక్క మాట తప్ప మిగతావి నిలబడవు.

చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు. దర్శకుడు మైఖేల్ వింటర్‌బాటమ్. స్టీవ్ కూగన్, రాబ్ బ్రైడన్ అనే ఇద్దరు బ్రిటిష్ హాస్యనటులు తమ సొంత పేర్లతోనే కనిపిస్తారు. 2010 నాటి మొదటి భాగంలో ఉత్తర ఇంగ్లాండ్ హోటళ్ళు తిరుగుతారు, పత్రికలో సమీక్షల కోసం. 2014లో వచ్చిన రెండో భాగంలో పీడ్‌మాంట్ నుంచి లిగూరియా, టస్కనీ, రోమ్ మీదుగా కాప్రి దీవి దాకా మినీ కూపర్‌లో ప్రయాణం.

“మొదటిదే మళ్ళీ తీశారు.” ఈ మాట మనకంటే ముందు వాళ్ళే అనేశారు. సీక్వెల్ ఎప్పుడూ మొదటిదానంత బాగుండదని సినిమా మొదట్లోనే వాదించుకుంటారు. ‘గాడ్‌ఫాదర్’ రెండో భాగం ఉందిగా అంటే, అందరూ చెప్పేది అదొక్కటే అని రెండో ఆయన కొట్టిపారేస్తాడు. అదలా ఉంచితే, అసలు తేడా మనుషుల్లో ఉంది. మొదటి భాగంలో కుదురు లేనిది కూగన్‌కి. ఆడవాళ్ళ వెంట పడతాడు, అమెరికాలో అవకాశాల కోసం తహతహలాడతాడు, చివరికి లండన్‌లో బోసిపోయిన ఫ్లాట్‌లో ఒంటరిగా మిగులుతాడు. బ్రైడన్ మాత్రం హాయిగా భార్యాబిడ్డల దగ్గరికి చేరతాడు. ఇటలీకి వచ్చేసరికి ఇద్దరూ తారుమారయ్యారు. ఇప్పుడు తప్పటడుగు వేసేది బ్రైడన్. పడవ మీద పనిచేసే లూసీ అనే ఇంగ్లిష్ అమ్మాయితో ఒక రాత్రి గడుపుతాడు. హాలీవుడ్ దర్శకుడు మైఖేల్ మాన్ సినిమాలో వేషం కోసం ఆడిషన్ ఇచ్చి దాన్నీ కొట్టేస్తాడు. కూగన్ నెమ్మదించాడు, టీనేజీ కొడుకుని పిలిపించుకుని వాడితో కాస్త సమయం గడపాలని చూస్తాడు. మంచివాడనుకున్నవాడు జారిపోతుంటే, జులాయి అనుకున్నవాడు పక్కన కూర్చుని చూస్తున్నాడు. దీన్ని ‘మళ్ళీ అదే’ అనాలంటే రెండు సినిమాల్లో ఒకటి చూడకుండా ఉండాలి.

“కథ లేదు” అన్నదానికి సగం జవాబు పైనే వచ్చేసింది. మిగతా సగం చావు గురించి. అవును, కామెడీయే, అయినా సరే. వీళ్ళు వెళ్ళే దారి బైరన్, షెల్లీ అనే ఇంగ్లిష్ కవుల అడుగుజాడల్లో పోయేది. షెల్లీ 1822 జూలైలో ఇటలీ తీరంలో తుఫానులో పడవ మునిగి చనిపోయాడు, ముప్ఫయ్యో పుట్టినరోజుకి నెల కూడా లేదు. బైరన్ 1824లో గ్రీసులో పోయాడు, ముప్ఫయ్యారేళ్ళకి. ఈ హాస్యనటులిద్దరూ 1965లో పుట్టినవాళ్ళు, అంటే యాభైకి దగ్గరపడుతున్నవాళ్ళు. కార్లో వాళ్ళు పాడుకునేది గాయని అలానిస్ మోరిసెట్ 1995 ఆల్బమ్, అంటే తమ ముప్ఫయ్యో ఏటి పాటలు. కుర్రకవి షెల్లీ సమాధి ఉన్న దేశంలో వయసు మళ్ళుతున్న ఇద్దరు ఆ పాటలు అందుకుంటుంటే నవ్వూ వస్తుంది, మరొకటీ వస్తుంది.

మిమిక్రీ సంగతి. మనకు మిమిక్రీ అంటే నేరెళ్ళ వేణుమాధవ్ కాలం నుంచీ స్టేజీ మీద చేసి చప్పట్లు కొట్టించుకునే కళ. ఆ లెక్కన చూస్తే ఇక్కడ బ్రిటిష్ నటుడు మైఖేల్ కెయిన్ గొంతు మళ్ళీ రావడం పాత సరుకే, ఒప్పుకుంటాను. బాట్‌మన్ సినిమాలో ముసుగేసుకున్న విలన్ మాట ఎవరికీ అర్థం కాక, ఆ ముక్క నటుడితో ఎలా చెప్పాలో తెలియక అసిస్టెంట్ డైరెక్టర్ నీళ్ళు నమలడాన్ని వీళ్ళు ఊహించి నటించే సీను మాత్రం కొత్తది, కడుపుబ్బ నవ్విస్తుంది. కానీ నేను చెప్పదలచింది పాంపే అనే పాత రోమన్ నగరం గురించి. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలైనప్పుడు బూడిదలో కూరుకుపోయిన శరీరాలు కాలక్రమంలో కుళ్ళిపోయి, ఆ ఆకారంలో ఖాళీ మిగిలింది. 1863లో ఫియోరెల్లి అనే పురావస్తు నిపుణుడు ఆ ఖాళీల్లో ప్లాస్టర్ పోయించి, వాళ్ళు ఎలా పడి చనిపోయారో అలాగే బయటికి తీయించాడు. అలాంటి ఒక ఆకారం గాజుపెట్టెలో ఉంటే, బ్రైడన్ దాని ముందు నిలబడి, పెట్టెలో ఇరుక్కున్న చిన్న మనిషి గొంతు పెట్టి దానిచేత మాట్లాడిస్తాడు. కూగన్‌కి ఒళ్ళు మండుతుంది, మనకు నవ్వు ఆగదు, నవ్వినందుకు ఇబ్బందిగానూ ఉంటుంది. ఊరుకుంటే భయం వేస్తుందని గొంతులు మార్చుకునే మనిషి బ్రైడన్. ఇంటికి ఫోన్ చేసినా అంతే, భార్య చంటిదానితో సతమతమవుతుంటే ఈయన ఇంకెవరి గొంతులోనో సరసమాడతాడు. ఇది అలంకారానికి పెట్టిన ఐటమ్ కాదు, పాత్ర అదే.

“సొంత హాలిడే వీడియో” అనేది శుద్ధ అపార్థం. పేర్లు మాత్రమే నిజం. తెర మీద కనిపించే భార్య, కొడుకు నటులు. కూగన్‌కి నిజ జీవితంలో ఉన్నది కూతురు. మాటలు చాలావరకు అప్పటికప్పుడు పుట్టించినవే అయినా, ఎవరు ఎవరిని మోసం చేస్తారు, ఎవరికి వేషం వస్తుంది అనేవి ముందే అనుకున్నవి. హోటళ్ళకు ప్రకటన అన్న అనుమానానికి ఒక్క ముక్క: ఇది బ్రిటన్‌లో బీబీసీ టూలో వచ్చింది, ప్రేక్షకుల లైసెన్సు రుసుముతో నడిచే ఆ ఛానెల్‌లో డబ్బు తీసుకుని సరుకు చూపించడం కుదరదు.

తిండి విషయంలో మాత్రం ఫిర్యాదు సబబే. వంటింట్లో చేతులు కదులుతుంటాయి, ప్లేట్లు వస్తాయి, బాగుందంటారు, మళ్ళీ మాటల్లో పడతారు. పాస్తా గురించి తెలుసుకుందామని కూర్చుంటే ఆకలితోనే లేస్తారు.

అతికించినట్టుంది అనేవాళ్ళు కూడా ఉన్నారు. బ్రిటన్‌లో ఇది అరగంట చొప్పున ఆరు భాగాలుగా ప్రసారమైంది. బయటి దేశాలకు వెళ్ళింది దాన్ని 108 నిమిషాలకు కుదించిన సినిమా. చాలామంది చూసింది ఈ కుదించినదే. ఒక పూట భోజనం నుంచి ఇంకో పూటకి గెంతినట్టు అనిపించేది అందుకే. సిరీస్‌లో మౌనానికి, దారికి కూడా చోటుంది. వీలుంటే అదే చూడండి.

నిజంగా నిలదీయాల్సిన విషయాన్ని ఈ తీర్పులో ఎవరూ ఎత్తలేదు. ఇందులో ఆడవాళ్ళు ఫోన్‌లో విసుక్కుంటారు, లేదా వచ్చి నవ్వి వెళ్ళిపోతారు. తెల్లారాక లూసీ ఏమనుకుందో సినిమాకి పట్టలేదు. వంక పెట్టాలంటే అక్కడ పెట్టండి, నేనూ మీతో ఉంటాను.