రిటైర్మెంటా, వైకల్యమా? ఏదో ఒకటి తేల్చుకోమన్నారు

మా నాన్న గుంటూరు మిర్చియార్డులో 32 ఏళ్లు ముఠా పని, అంటే బస్తాలు మోసే కూలి పని చేశాడు. ఒక్కో టిక్కీ, అంటే మిర్చి బస్తా, 40 కిలోల పైమాటే. 56వ ఏట, మార్చిలో, సీజన్ మంచి ఊపు మీదుండగా నడుం పట్టేసింది. అంతే, మళ్లీ యార్డు గేటు దాటి లోపలికి పోలేదు. సన్మానం లేదు, శాలువా లేదు.

నా పీహెచ్‌డీ దీని మీదే. బరువులు మోసేవాళ్లు ఏ వయసులో పని మానేస్తున్నారు, ఆ తర్వాత ఇల్లు ఎలా గడుస్తోంది అని. ఫెలోషిప్ కోసం ఒకచోట ఇంటర్వ్యూకి వెళ్తే, "ఇది రిటైర్మెంట్ మీదా, వైకల్యం మీదా? ఏదో ఒకటి తేల్చుకోమ్మా" అన్నారు. మా నాన్నకి రెండూ ఒకే రోజు వచ్చాయి సార్ అన్నా. నవ్వారు. లిస్టులో నా పేరు లేదు.

మన ఆంధ్రలో పింఛన్లు చూడండి. వృద్ధాప్య పింఛను నెలకి 4,000, కానీ 60 నిండాలి. దివ్యాంగుల పింఛను 6,000, కానీ వైకల్యం ఎంతో తేల్చే సదరం సర్టిఫికెట్‌లో కనీసం 40 శాతం ఉండాలి. నాన్నకి వయసూ చాలలేదు, శాతమూ చాలలేదు. నాలుగేళ్లు అమ్మ కుట్టుమిషనే ఇల్లు నడిపింది. గీత కార్మికులకి, నేతన్నలకి, మత్స్యకారులకి 50 ఏళ్లకే ఇస్తున్నారు, మంచిదే. చెట్టెక్కే ఒళ్లు 50కే అరిగిపోతుందని ఒప్పుకున్నవాళ్లు, టిక్కీ మోసే ఒళ్లు 60 దాకా ఆగుతుందని ఎట్లా అనుకున్నారు? లెక్క తీసి ముందు పెట్టినవాళ్లు లేకే కదా! పెన్షన్ అంటే మన టీవీల్లో ప్రభుత్వ ఉద్యోగుల కొత్త, పాత పెన్షన్ల (సీపీఎస్, ఓపీఎస్) గొడవే.

దివ్యాంగులకి ఫెలోషిప్ ఉందిగా అంటారు కొందరు. ఉంది, ఏడాదికి 200 మందికి. అది వైకల్యం ఉన్న విద్యార్థులకి, వైకల్యం మీద చేసే పరిశోధనకి కాదు. నెట్ పరీక్ష రాసి జేఆర్ఎఫ్ ఫెలోషిప్ తెచ్చుకుంటే నెలకి 37,000, సామాజిక శాస్త్రాల పరిశోధనకి కేంద్రం పెట్టిన ఐసీఎస్ఎస్ఆర్ ఇచ్చేది 20,000. రెండూ ఫుల్‌టైం వాళ్లకే. నేను బెజవాడలో ఇంటర్ పిల్లలకి ఎకనామిక్స్ చెప్పుకుంటూ పార్ట్‌టైంగా చేస్తున్నా. సర్వే ఫారాల జిరాక్సులు కూడా నా జీతంలోంచే. అదైనా పర్లేదు. ఒక ముఠా కార్మికుణ్ని గంటసేపు కూర్చోబెడితే ఆయనకి ఆ గంట కూలి పోతుంది. టీ ఇప్పించి పంపేయడానికి నాకు సిగ్గేస్తుంది.

అమెరికాలో పింఛన్లు చూసే సోషల్ సెక్యూరిటీ వాళ్లు 2018లో రిటైర్మెంట్, వైకల్యం అనే ఈ రెండు అంశాల పరిశోధనని ఒకే గొడుగు కిందికి తెచ్చారు, పీహెచ్‌డీ విద్యార్థులకీ అందులోంచి డబ్బు అందేది. 2025 ఫిబ్రవరిలో పొదుపు పేరు చెప్పి ఆపేశారు. వాళ్లకి కనీసం ఆపేయడానికి ఒకటంటూ ఉంది.

నాన్నకిప్పుడు 61. ఒకటో తారీఖున ఇంటికొచ్చి 4,000 ఇచ్చి వెళ్తున్నారు. నిన్న రాత్రి ఇంకో అప్లికేషన్ నింపుతూ, అంశం అన్నచోట ఏం రాయమంటావు నాన్నా, రిటైర్మెంట్ అనా, వైకల్యం అనా అని అడిగా.

"నడుం నొప్పి అని రాయమ్మా" అన్నాడు.